గేటు తెరవమన్నది ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

మీ సైన్స్ పేజీలో "ఎవరూ హ్యాక్ చేయలేని వైర్‌లెస్ సందేశం" అన్న శీర్షికతో వచ్చిన వ్యాసం చదివాను. ఇద్దరు విద్యార్థులు రెండు ఆర్డుయినో బోర్డులకు (ప్రోగ్రాము ఎక్కించుకునే చిన్న కంప్యూటర్ బోర్డులు) చెరొక ఎన్‌ఆర్‌ఎఫ్24 రేడియో మాడ్యూలు తగిలించారు. ఒక బోర్డు మీద బటన్ నొక్కితే రెండో బోర్డు రిలే అనే విద్యుత్ స్విచ్చిని ఆన్ చేసి గేటు తెరుస్తుంది. గాలిలో వెళ్ళే మాటను ఏఈఎస్ అనే పద్ధతిలో, ఒక రహస్య కీతో ఎన్‌క్రిప్ట్ చేశారు, అంటే బయటివాళ్ళకు అర్థంకాని గజిబిజిగా మార్చారు. కొత్తవాళ్ళకు ఆ రేడియోను మాట్లాడించడమే ఓ గండం. పిల్లలు ఆ గండం దాటారు, శభాష్. వాళ్ళకు వంక పెట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నా పేచీ అంతా మీరు పెట్టిన శీర్షికతో, దాని కింద పూర్తిగా అచ్చువేసిన కోడుతో. ఆ కోడును ఉన్నదున్నట్టు ఎక్కించిన గేటును, కీ ఏమిటో తెలియకుండానే, ఏఈఎస్ జోలికి పోకుండానే, అలాంటి మూడో బోర్డు చేతిలో ఉన్న ఎవరైనా తెరవగలరు.

నేను ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో పాఠాలు చెబుతాను. ప్రాజెక్టు ప్రదర్శనలకు మార్కులు వేయడానికి కూడా పిలుస్తుంటారు. అక్కడ ఇలాంటి గేట్లు, అలారాలు, ట్యాంకు మోటార్లు చాలా చూశాను. "మేడమ్, మాది సెక్యూర్ ప్రాజెక్ట్" అని పిల్లలు గర్వంగా చెబుతారు. పోస్టరు మీద పెద్ద అక్షరాలతో ఏఈఎస్-128 అని ఉంటుంది. పక్కన తాళంకప్ప బొమ్మ.

ఎలా తెరుస్తారో చెబుతాను. ఎన్‌ఆర్‌ఎఫ్24 రేడియోకు చిరునామా, ఛానల్ అని రెండు అమరికలు ఉంటాయి. ఛానళ్ళు 126. చిరునామా మూడు నుంచి ఐదు బైట్లు. మీ కోడులో చిరునామా "00001". నెట్‌లో దొరికే నమూనా ప్రోగ్రాముల్లో కనిపించేది కూడా అదే. ఛానల్ గురించి కోడులో ఒక్క ముక్క లేదు, అంటే రేడియోను నడిపే సిద్ధంగా దొరికే కోడు, అదే లైబ్రరీ, తనంతట తాను పెట్టుకునే 76 అన్నమాట. ఒక ప్రదర్శనలో ఈ తమాషా కళ్ళారా చూశాను. వరసగా వేసిన టేబుళ్ళ మీద, ఒక జట్టు బటన్ నొక్కితే మూడో టేబుల్ మీద ఇంకో జట్టు బల్బు వెలిగింది. ఎవరి బోర్డు ఎవరి మాట వింటోందో తెలియక పిల్లలకు ఒకటే టెన్షన్. రెండు జట్లూ ఒకే నమూనా నుంచి చిరునామాతో సహా దించుకున్నాయి మరి. పోనీ చిరునామా మార్చేస్తే సరిపోతుందా అంటే అదీ లేదు. ఈ చిప్‌లో చిరునామా వెడల్పును డేటాషీటు (తయారీదారు వివరాల పత్రం) ఒప్పుకోని విలువకు పెట్టి, ఎవరి ప్యాకెట్లనైనా వినొచ్చని ట్రావిస్ గుడ్‌స్పీడ్ అనే పరిశోధకుడు 2011లోనే చేసి చూపించారు. కాబట్టి చిరునామా రహస్యం కాదు, గోప్యత కోసం పెట్టిందీ కాదు.

మూడో బోర్డు వినడం మొదలుపెట్టాక సీరియల్ మానిటర్‌లో, అంటే బోర్డు పంపేది కంప్యూటర్ మీద చూపే కిటికీలో, కనిపించేది చూడండి. బటన్ నొక్కారు, 16 బైట్ల గజిబిజి ఒక వరస వచ్చింది. ముక్క అర్థం కాదు, ఏఈఎస్ తన పని చేసింది. ఇంకోసారి నొక్కారు. అదే వరస. ఒక్క బైటు కూడా తేడా లేదు. గేటు మూసే బటన్ నొక్కితే ఇంకో వరస, అది కూడా ఎప్పుడు నొక్కినా అదే. ఏఈఎస్ ఒక విడతకు 16 బైట్లు తీసుకుని 16 బైట్లు ఇస్తుంది. కీ మారకుండా అదే మాట లోపలికి పంపితే బయటికి వచ్చేదీ అదే. ఏ ఏర్పాటూ లేకుండా ఇలా నేరుగా వాడడాన్ని ఈసీబీ పద్ధతి అంటారు. మీరు అచ్చువేసిన కోడు చేసేది ఇదే.

ఇక దొంగకు మిగిలిన పనేముంది? ఆ 16 బైట్లను రాసుకుని, తనకు వీలైనప్పుడు తన బోర్డు నుంచి మళ్ళీ పంపడమే. గేటు దగ్గరి బోర్డు దాన్ని చక్కగా డిక్రిప్ట్ చేస్తుంది, "తెరువు" అన్న మాట వస్తుంది, రిలే టక్కుమంటుంది. ఉత్తరంలో ఏముందో చదవలేనివాడు కూడా ఆ కవరునే తీసుకెళ్ళి మళ్ళీ పోస్టుడబ్బాలో వేయగలడు కదా. దీన్నే రీప్లే దాడి అంటారు. దీనికి లెక్కలు రానక్కర్లేదు.

ఇందులో ఏఈఎస్ తప్పేమీ లేదు. బెల్జియం వాళ్ళు యోన్ డామెన్, విన్సెంట్ రైమెన్ తయారుచేసిన ఈ పద్ధతిని అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ బహిరంగ పోటీలో ఎంచుకుని, 2001లో ప్రమాణంగా ప్రకటించింది. అప్పటి నుంచి ప్రపంచమంతా దాని మీద తల బద్దలు కొట్టుకుంటున్నా, సరిగ్గా వాడినచోట దాన్ని విరగ్గొట్టినవాళ్ళు లేరు. బోర్డు చిన్నది అనే సాకు కూడా చెల్లదు. ఆర్డుయినో ఊనోలో ఉన్నది రెండు కిలోబైట్ల ర్యామ్, 16 మెగాహెర్ట్జ్ వేగం. అంత చిన్న దాంట్లోనూ ఒక విడత ఏఈఎస్ పని మిల్లీసెకను లోపే అయిపోతుంది.

అసలు సంగతి వేరు. గేటుకు గోప్యత ఎందుకు? గేటు తెరుచుకోవడం దారిన పోయేవాళ్ళందరికీ కనిపిస్తూనే ఉంటుంది. "తెరువు" అన్న మాటను దాచిపెట్టి మనం సాధించేది ఏమీ లేదు. గేటుకు తెలియాల్సినవి రెండే: ఈ మాట అన్నది మనవాళ్ళేనా, ఇప్పుడే అన్నారా. మొదటిదానికి సంతకం కావాలి, రెండోదానికి వరుస నంబరు కావాలి. ట్యాంకు మోటారైనా, అలారమైనా, ఉష్ణోగ్రత చెప్పే సెన్సరైనా అంతే. హాబీగా చేసే ప్రాజెక్టుల్లో నూటికి తొంభై ఇలాంటివే అని నా అభిప్రాయం. మనవాళ్ళు మాత్రం అక్కర్లేని గోప్యత కోసం తంటాలు పడి, కావాల్సిన సంతకం దగ్గర చేతులెత్తేస్తున్నారు. మీ వ్యాసంలో కూడా ఎన్‌క్రిప్షన్ గురించి ఆరు పేరాలు ఉన్నాయి, "ఈ మాట పంపింది ఎవరు" అన్న ప్రశ్న ఒక్కచోట కూడా లేదు.

అమెచ్యూర్ రేడియో చేసేవాళ్ళకు ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. దేశాల మధ్య అమెచ్యూర్ స్టేషన్లు మాట్లాడుకునేటప్పుడు అర్థాన్ని మరుగుపరిచే సంకేతాలు వాడకూడదని అంతర్జాతీయ రేడియో నిబంధనల్లోనే ఉంది. ఉపగ్రహాలను నియంత్రించే ఆదేశాలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. కానీ సందేశాన్ని అందరికీ అర్థమయ్యేలా పంపి, చివర ఒక సంతకం జోడిస్తే అందులో అర్థం మరుగుపడేది ఏముంది? దాచకుండా కూడా భద్రంగా ఉండొచ్చు. మా ల్యాబ్‌లో మొదటిసారి ఈ మాట అన్నప్పుడు పిల్లలు నావైపు అదోలా చూస్తారు.

ప్రదర్శనల్లో పిల్లలు నాకు చెప్పే సమాధానాలు కొన్ని ఉన్నాయి. మీ పాఠకుల్లో ఎవరికైనా ఇప్పుడు అవే తోస్తుండవచ్చు.

"సీఆర్‌సీ ఉంది కదా మేడమ్, సందేశం మారిస్తే పట్టేస్తుంది." పట్టదు. సీఆర్‌సీ అనే ఈ తనిఖీ సంఖ్య ఉన్నది గాలిలో పొరపాటున చెడిన బిట్లను పట్టడానికి. దాన్ని ఎవరైనా లెక్క కట్టొచ్చు, దానికి కీ లేదు. దొంగ పంపే ప్యాకెట్‌కు దొంగ చేతిలోని రేడియో చిప్పే సరైన సీఆర్‌సీ వేసి పెడుతుంది. ఈ పొరపాటు పిల్లలది మాత్రమే అనుకోకండి. 1997లో వచ్చిన మొదటి వైఫై ప్రమాణంలో డబ్ల్యూఈపీ అనే భద్రతా పద్ధతి కూడా సంతకం బదులు సీఆర్‌సీనే నమ్ముకుంది. 2001లో బోరిసోవ్, గోల్డ్‌బర్గ్, వాగ్నర్ అనే పరిశోధకులు, కీ తెలియకుండానే ఆ సందేశాలను మార్చి, సీఆర్‌సీని కూడా దానికి తగ్గట్టు సరిచేయవచ్చని చూపించారు.

ఇంకొంచెం చదువుకున్నవాళ్ళు "మేము ఈసీబీ వాడలేదు మేడమ్, సీటీఆర్ వాడాం, ప్రతిసారీ కొత్త నాన్స్" అంటారు. సీటీఆర్ కూడా ఏఈఎస్‌ను వాడే ఒక తీరే, ఇది నిజంగానే మెరుగు. నాన్స్ అంటే ఒక్కసారే వాడాల్సిన సంఖ్య. దాన్నీ కీనీ కలిపి ఏఈఎస్‌తో ఒక బైట్ల వరుస పుట్టించి, సందేశంలోని ఒక్కో బైటును దానితో ఎక్సార్ చేస్తారు, అంటే బిట్‌కు బిట్ పోల్చి రెండూ ఒకటే అయితే 0, వేరైతే 1 వేస్తారు. బటన్ ఎన్నిసార్లు నొక్కినా గాలిలో కనిపించే వరస మారుతూ ఉంటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ నాన్స్ ఆ ప్యాకెట్‌లోనే ప్రయాణిస్తుంది కాబట్టి పాత ప్యాకెట్‌ను నాన్స్‌తో సహా తిరిగి పంపితే గేటు మళ్ళీ తెరుచుకుంటుంది. కొత్త నాన్స్ రావాలని పంపేవాడు నియమం పెట్టుకున్నాడు గానీ, అందుకునే బోర్డుకు ఆ నియమం ఎవరూ చెప్పలేదు.

సీటీఆర్‌తో ఇంకో చిక్కు ఉంది. దీన్ని బోర్డు మీద రాసి చూపిస్తే తప్ప పిల్లలు నమ్మరు. సందేశం చివరి అక్షరం '0' అయితే గేటు మూయాలి, '1' అయితే తెరవాలి అనుకుందాం. కంప్యూటర్ లెక్కలో '0' అనే అక్షరం 48, అంటే బిట్లలో 00110000. '1' అనే అక్షరం 49, అంటే 00110001. తేడా చివరి బిట్ ఒక్కటే. ఎక్సార్ గుణం ఏమిటంటే, గాలిలో వెళ్ళే గజిబిజిలో ఏ బిట్ తిప్పితే (0ను 1గా, 1ని 0గా మారిస్తే) డిక్రిప్ట్ అయ్యాక అదే బిట్ తిరగబడి వస్తుంది. కాబట్టి "మూయి" అన్న ప్యాకెట్‌ను పట్టుకుని, చివరి బైటులో చివరి బిట్ తిప్పి పంపితే అది "తెరువు" అవుతుంది. కీ తెలియదు, అసలు సందేశం చదవనూ లేదు. కమాండు ఆ ప్యాకెట్‌లో ఎక్కడుందో తెలిస్తే చాలు. మీరు కోడు పూర్తిగా పేపర్లో వేశారు కాబట్టి అదీ తెలుసు. కోడు అచ్చువేయడం తప్పనడం లేదు. కీ తప్ప మిగతాదంతా శత్రువుకు తెలిసినా నిలబడాలని కెర్క్‌హాఫ్స్ అనే గూఢలిపి నిపుణుడు 1883లోనే అన్నాడు. ఆ పరీక్షకు ఈ కోడు నిలబడలేదు, అంతే.

నాన్స్ కోసం చాలామంది ఆర్డుయినోలోని ర్యాండమ్ ఫంక్షన్ వాడతారు. బోర్డుకు కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆ ఫంక్షన్ అవే అంకెలు అదే వరుసలో ఇస్తుంది. అంటే నాన్సులు కూడా మళ్ళీ మొదటినుంచి అవే. ఒకే కీ, ఒకే నాన్స్‌తో రెండు సందేశాలు వెళితే, ఆ రెండు గజిబిజుల్నీ ఒకదానితో ఒకటి ఎక్సార్ చేస్తే మధ్యలోని రహస్య వరుస కొట్టుకుపోయి రెండు అసలు సందేశాల ఎక్సార్ మిగులుతుంది. వాటిలో ఒకటి ఊహించగలిగితే రెండోది చేతికి వచ్చినట్టే. "దేనికీ తగిలించని అనలాగ్ పిన్ను చదివి సీడ్ వేశాం మేడమ్" అన్నది దీనికి వచ్చే జవాబు. సీడ్ అంటే ఆ ఫంక్షన్ లెక్క మొదలుపెట్టే సంఖ్య. ఊనోలో ఆ పిన్ను చదివితే వచ్చేది 0 నుంచి 1023 లోపు ఒక సంఖ్య. ఎంత ఊగినా మొత్తం 1024 అవకాశాలే. ఆ సీడ్‌తో కీ తయారుచేసేవాళ్ళు కూడా ఉన్నారు. 128 బిట్ల కీ అని పోస్టరు మీద వేస్తారు గానీ, అందులో నిజంగా ఉన్నది పది బిట్లు.

మరి ఏం చేయాలి? ఇది చెప్పకుండా తప్పులు మాత్రమే ఎంచితే ఈ ఉత్తరం దండగ.

ప్రతి సందేశానికీ ఒక వరుస నంబరు వేయాలి. ఆ నంబరూ సందేశమూ కలిపి, ఇద్దరికే తెలిసిన కీతో ఒక ట్యాగ్ లెక్క కట్టి చివర తగిలించాలి. అదే నేనన్న సంతకం. ఆ ట్యాగ్ కట్టే పద్ధతి హెచ్‌మ్యాక్ అయినా ఫరవాలేదు, ఏఈఎస్ మీదే కట్టిన సీమ్యాక్ అయినా ఫరవాలేదు. గోప్యత కూడా కావాలంటే చాచా20-పాలీ1305 లాంటివి రెండు పనులూ కలిపి చేస్తాయి. చిన్న పరికరాల కోసమే ఎన్‌ఐఎస్‌టీ 2023లో ఎంచుకున్న ఆస్కాన్ కూడా ఉంది. వీటికి సిద్ధంగా ఉన్న లైబ్రరీలు వాడుకోవాలి. సొంతంగా ఒక పద్ధతి కనిపెట్టాలని కుర్రతనంలో అందరికీ అనిపిస్తుంది. ఆ ముచ్చట గేటు మీద తీర్చుకోవద్దు.

ఎన్‌ఆర్‌ఎఫ్24 ఒక ప్యాకెట్‌లో మోసేది 32 బైట్లే. ఇందులో ఇవన్నీ పడతాయా? పంపే బోర్డు గుర్తుకు ఒక బైటు, వరుస నంబరుకు నాలుగు, ట్యాగ్‌కు ఎనిమిది. మొత్తం 13. ఇంకా 19 బైట్లు మిగిలాయి. గేటు తెరవమనడానికి ఒక్క బైటు చాలు. నాలుగు బైట్ల నంబరంటే 429 కోట్ల పైచిలుకు సందేశాలు. సెకనుకొకటి పంపినా 136 ఏళ్ళు పడుతుంది. ట్యాగ్ పొడవు దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. నాలుగు బైట్ల ట్యాగ్ అయితే, సెకనుకు వెయ్యి చొప్పున గుడ్డిగా ప్రయత్నించేవాడు 50 రోజుల్లో అన్ని అవకాశాలూ చూసేస్తాడు. ఎనిమిది బైట్లయితే అదే వేగంతో 58 కోట్ల సంవత్సరాలు.

అందుకునే బోర్డు ముందు ట్యాగ్ చూడాలి. అది సరిపోయాకే, నంబరు తాను చివరిసారి ఒప్పుకున్న నంబరు కంటే పెద్దదా కాదా చూడాలి. పెద్దదైతేనే పని చేసి, కొత్త నంబరు రాసుకోవాలి. ఈ వరుస తిరగబడితే చిక్కే. ట్యాగ్ చూడకముందే నంబరు రాసేసుకునే ప్రోగ్రామును ఒక ప్రదర్శనలో చూశాను. దానికి ఎవరైనా ఓ పేద్ద నంబరు వేసి, చెత్త ట్యాగ్‌తో ఒక్క ప్యాకెట్ పంపితే చాలు. గేటు తెరుచుకోదు, నిజమే. కానీ ఆ తర్వాత ఇంటివాళ్ళ రిమోట్ పంపే నంబర్లన్నీ చిన్నవే కాబట్టి వాళ్ళకూ తెరుచుకోదు.

నంబరు కరెంటు పోయినా నిలవాలి, లేకపోతే మళ్ళీ ఒకటి నుంచి మొదలై పాత రికార్డింగులన్నీ చెల్లుబాటు అవుతాయి. పంపే బోర్డులోనూ, అందుకునే బోర్డులోనూ నిలవాలి. ఊనో చిప్‌లో ఇందుకోసం ఈప్రామ్ అనే, కరెంటు పోయినా చెరగని మెమరీ ఒక కిలోబైటు ఉంది. దానికో పరిమితి ఉంది. ఒక్కో గడికి లక్షసార్లు రాయడం వరకే తయారీదారు హామీ. సెకనుకో సందేశం పంపుతూ ప్రతిసారీ అక్కడే రాస్తే ఆ హామీ 28 గంటల్లో ఖర్చయిపోతుంది. దీనికి పాత చిట్కా ఒకటుంది, నాకు చాలా ఇష్టం. పంపే బోర్డు లేవగానే ఈప్రామ్‌లో ఉన్న నంబరు చదివి, దానికి వెయ్యి కలిపి వెంటనే రాసేయాలి. చదివిన నంబరు నుంచి పని మొదలుపెట్టి, ఆ వెయ్యి అయిపోయినప్పుడే ఇంకో వెయ్యి ముందుకు రాయాలి. మధ్యలో కరెంటు పోతే కొన్ని నంబర్లు వృథా అవుతాయి, అవనీ. ఏ నంబరూ రెండోసారి మాత్రం రాదు. లక్ష రాతలతో పది కోట్ల సందేశాలు లాగించొచ్చు. గేటు దగ్గరి బోర్డు మాత్రం ఒప్పుకున్న ప్రతి నంబరూ రాసుకోవాల్సిందే. గేటు రోజుకు ఎన్నిసార్లు తెరుస్తారు కనుక, లక్ష అంటే చాలా ఏళ్ళే వస్తుంది.

దూరంలోని సెన్సర్లను రేడియోతో సర్వరుకు కలిపే లోరావాన్ లాంటి పెద్ద ప్రమాణంలోనూ ఈ వరుస నంబరు ఉంది. బోర్డు రీసెట్ అయినప్పుడు నంబరు సున్నాకు పోతే, సర్వరు సందేశాలు తీసుకోదు. అప్పుడు చాలామంది హాబీవాళ్ళు చేసే పని, సర్వరులో నంబరు తనిఖీనే ఆపేయడం. పరికరం మళ్ళీ పనిచేస్తుంది, ఎవరికీ ఏ తేడా కనిపించదు. అందుకే అది ప్రమాదం.

వైఫై లోపలే ఉన్న ఈఎస్‌పీ32 బోర్డులు వాడేవాళ్ళు ఈఎస్‌పీ-నౌ పద్ధతిలో రౌటర్ లేకుండా నేరుగా మాట్లాడుకోవచ్చు. అందులో ఎన్‌క్రిప్షన్ లోపలే ఉంది. కానీ నెట్‌లోని నమూనా ప్రోగ్రాముల్లో చాలావాటిలో 'ఎన్‌క్రిప్ట్' అన్నచోట 'ఫాల్స్' అని ఉంటుంది, దాన్ని మార్చుకోవాలి. అందరికీ ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ సందేశాలకు ఆ రక్షణ వర్తించదు.

ఇక కీ. మీరు అచ్చువేసిన కోడులో కీ 2బి, 7ఇ, 15, 16 అని మొదలవుతుంది. చూడగానే నవ్వొచ్చింది. అది 2001 నాటి ఏఈఎస్ ప్రమాణ పత్రంలో ఉదాహరణగా ఇచ్చిన కీ. ప్రోగ్రాము సరిగ్గా లెక్క కడుతోందో లేదో సరిచూసుకోవడానికి పెట్టిన ఆ కీ, ఈ రంగంలో ఉన్నవాళ్ళందరికీ కంఠతా వచ్చు. విద్యార్థులు పేపరు కోసం నిజమైన కీ తీసేసి ఇది పెట్టి ఉంటే మంచిదే. అలాగైతే "ఇక్కడ మీ కీ వేసుకోండి" అని ఒక్క మాట ఉండాల్సింది. ఆ మాట లేదు కాబట్టి ఆ కోడు ఎక్కించుకున్నవాళ్ళ గేట్లన్నిటికీ ఒకటే తాళంచెవి. మంచి కీ కావాలంటే యంత్రమే అక్కర్లేదు. పాచిక 50 సార్లు వేసి అంకెలు రాసుకుంటే 128 బిట్లకు పైనే నిజమైన యాదృచ్ఛికత వస్తుంది. ఆ అంకెలను, దేన్నైనా 32 బైట్లుగా కలగలిపే ఎస్‌హెచ్‌ఏ-256 లెక్కలో వేసి మొదటి 16 బైట్లు తీసుకుంటే సరి. ఈఎస్‌పీ32లో హార్డ్‌వేర్ ర్యాండమ్ ఉంది గానీ, వైఫై, బ్లూటూత్ లాంటివి ఆన్‌లో ఉన్నప్పుడే దాన్ని పూర్తిగా నమ్మాలని తయారీదారు పత్రాల్లోనే రాశారు. కీని వేరే ఫైలులో పెట్టి, కోడు ఎవరికి ఇచ్చినా ఆ ఫైలు ఇవ్వకుండా ఉండడం అలవాటు చేసుకోవాలి.

ఇవన్నీ చేశాక "ఎవరూ హ్యాక్ చేయలేరు" అనొచ్చా? అనకూడదు. పంపేవాడి ప్యాకెట్ గేటుకు చేరకుండా జామర్ పెట్టి, అదే సమయంలో దాన్ని రికార్డు చేసుకుని, తర్వాత వాడుకునే పరికరాన్ని 2015లో సామీ కామ్‌కార్ అనే పరిశోధకుడు కారు రిమోట్ల మీద ప్రదర్శించారు. ఆ నంబరును గేటు ఇంకా చూడలేదు కాబట్టి ఒప్పుకుంటుంది. దీనికి విరుగుడు, గేటు దగ్గరి బోర్డే ముందు ఒక కొత్త సంఖ్య పంపి, దాని మీద సంతకం చేసి కొన్ని క్షణాల్లోపు పంపమనడం. ఒట్టి జామింగ్‌కు అయితే ఏ ఎన్‌క్రిప్షనూ ఏమీ చేయలేదు. సందేశం మొత్తం దాచినా, సందేశం వెళ్ళిందన్న సంగతి దాగదు. తలుపు తెరిచినప్పుడు మాత్రమే సందేశం పంపే సెన్సరు ఉందనుకోండి, బయట కూర్చుని ప్యాకెట్లు లెక్కపెట్టేవాడికి ఇంట్లోవాళ్ళు ఎప్పుడు వచ్చి ఎప్పుడు వెళుతున్నారో తెలుస్తుంది.

మీకు నా విన్నపం: ఆ కోడును సవరించి మళ్ళీ అచ్చువేయండి. పేపర్లో వచ్చిందంటే సరైనదే అనుకుని దించుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. వరుస నంబరుకు, ట్యాగ్‌కు కలిపి ఓ ముప్ఫై నలభై లైన్లు పెరుగుతాయి, పేజీ పట్టకపోతే తాళంకప్ప బొమ్మ తీసేయండి. సవరణ కూడా ఆ ఇద్దరు విద్యార్థుల చేతే చేయించండి, వాళ్ళ పేర్లతోనే వేయండి. అచ్చుకు వెళ్ళేముందు వాళ్ళను ఒక పరీక్ష చేయమనండి. మూడో బోర్డుతో ఒక ప్యాకెట్ రికార్డు చేసి, గేటు బోర్డుకు కరెంటు తీసి మళ్ళీ పెట్టి, ఆ ప్యాకెట్ తిరిగి పంపాలి. రిలే కదిలితే ఇంకా అచ్చు వద్దు.

ఇట్లు,
ఒక ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ టీచరు

తా.క.: భద్రతతో సంబంధం లేకపోయినా ఇంకొకటి. మీరు వేసిన బొమ్మలో రేడియో మాడ్యూలు విద్యుత్ పిన్ను 5 వోల్టులకు కలిపి ఉంది. ఆ చిప్ గరిష్ఠంగా 3.6 వోల్టులకే తట్టుకుంటుంది, కాబట్టి 3.3 వోల్టుల పిన్నుకు కలపాలి. డేటా పిన్నులు మాత్రం 5 వోల్టులకు ఓర్చుకుంటాయి. మాడ్యూలు విద్యుత్ పిన్నుకూ గ్రౌండుకూ మధ్య 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి పెట్టమని కూడా రాయండి. అది లేక రేడియో మాట్లాడకపోతే ప్రోగ్రాములో తప్పుందేమోనని వెతుక్కుంటూ రాత్రిళ్ళు పాడుచేసుకునేవాళ్ళను చూస్తూనే ఉన్నాను.